కొండల్లో రాత్రి పడక: సైకిల్ మీద మోసుకెళ్లే సామాను ఎంచుకునే పద్ధతి

కొండల్లో సైకిల్ యాత్రకు ఏ స్లీపింగ్ బ్యాగ్ కొనాలని అడిగేవాళ్లే ఎక్కువ. ఆ ప్రశ్న చివర్లో రావాలి. ముందు తేలాల్సినవి రెండు అంకెలు: రాత్రి ఎంత చలి, సైకిల్ మీద ఎంత చోటు. తర్వాత మ్యాట్, ఆ తర్వాత బ్యాగ్, ఆపైన టెంటు. ఈ వరస తిరగబడితే మంచి బ్యాగ్ కొని కూడా వీపు గడ్డకట్టుకుని కూర్చోవాల్సి వస్తుంది.

ఇక్కడ చెప్పేది మంచు కరిగాక మొదలై మళ్లీ మంచు పడేలోపు ముగిసే యాత్రల గురించి. నిండు మంచులో శీతాకాలపు విడిది వేరే విద్య.

1. మొదటి అంకె: రాత్రి ఎంత చలి

ఫోన్లో కనిపించే వాతావరణ సూచన చాలాసార్లు కింది ఊరిది. మీరు పడుకునేది దానికి వెయ్యి, రెండు వేల మీటర్ల పైన. ఎత్తు 1000 మీటర్లు పెరిగితే గాలి సగటున 6.5 డిగ్రీల సెల్సియస్ చల్లబడుతుంది. లెక్క ఇలా వేయండి:

- కింది ఊరి ఎత్తు 600 మీటర్లు, అక్కడ రాత్రి కనిష్ఠం 14 డిగ్రీలు అనుకుందాం.
- విడిది ఎత్తు 2400 మీటర్లు. తేడా 1800 మీటర్లు.
- 1.8ని 6.5తో గుణిస్తే 11.7. అంటే పైన దాదాపు 2 డిగ్రీలు.
- ఇందులోంచి ఇంకో 5 డిగ్రీలు భద్రతకు తీసేయండి. మీ అంకె మైనస్ 3.

ఆ 5 డిగ్రీలు అతిజాగ్రత్త కాదు. మబ్బు లేని రాత్రి నేల తన వేడిని నేరుగా ఆకాశానికి వదిలేస్తుంది. పైగా పగలంతా ఎక్కుడు తొక్కి, సరిగా తినకుండా పడుకున్న ఒంటికి అదే చలి ఎక్కువగా తెలుస్తుంది.

ఈ లెక్క ఒకచోట బోల్తా పడుతుంది. నీరు పల్లమెరిగినట్టే చల్లగాలీ పల్లమెరుగుతుంది. గాలి ఆడని రాత్రుల్లో వాలు మీద చల్లబడిన గాలి కిందికి జారి లోయ అడుగున నిలిచిపోతుంది. అలాంటప్పుడు లోయ అడుగున, వాగు పక్కన ఉన్న పచ్చిక కన్నా 40, 50 మీటర్ల పైనున్న మెరకే వెచ్చగా ఉంటుంది. లోయలోనే పడుకోక తప్పదనుకుంటే మీ అంకెలోంచి ఇంకో 2, 3 డిగ్రీలు తగ్గించండి.

2. రెండో అంకె: సైకిల్ మీద ఎంత చోటు

కొనే ముందు టేపు పట్టుకుని సైకిల్ దగ్గర నిలబడండి. సామాను కట్టే చోట్లు నాలుగు: హ్యాండిల్ ముందు రోల్ (చుట్టలా కట్టే సంచి), సీటు వెనక శాడిల్ బ్యాగ్, ఫ్రేమ్ మధ్య బ్యాగ్, ముందు చక్రాన్ని పట్టే ఫోర్కు పక్కల బిగించే చట్రాలు.

- హ్యాండిల్ వెడల్పు: కిందికి వంగిన డ్రాప్ హ్యాండిల్ అయితే రెండు వంపుల మధ్య ఖాళీ కొలవండి. సాధారణంగా 38 నుంచి 42 సెంటీమీటర్లు దొరుకుతుంది. రోల్ అంతకన్నా వెడల్పైతే బ్రేకు లివర్లకు తగులుతుంది. అడ్డంగా ఉండే హ్యాండిల్‌కు ఈ బెడద తక్కువ.
- రోల్‌కీ ముందు టైరుకీ మధ్య ఖాళీ: సస్పెన్షన్ ఫోర్కు 100 మిల్లీమీటర్లు కుంగేదైతే ఖాళీ కనీసం 130 ఉండాలి. నిలబెట్టినప్పుడు తగలడం లేదు కదా అనుకుంటే, దిగుడులో మొదటి గుంతకే టైరు రోల్‌ను గీకేస్తుంది.
- సీటుకీ వెనక టైరుకీ మధ్య ఖాళీ: పొట్టివాళ్లకు చిన్న ఫ్రేముల మీద ఇక్కడ చోటే ఉండదు. వెనక సస్పెన్షన్ ఉంటే అది పూర్తిగా కుంగినప్పుడు కొలవాలి.
- ఫోర్కు చట్రాలు: చాలా చట్రాలకు ఒక్కో పక్క పరిమితి 3 కిలోలు. ఫోర్కు తయారీదారు ఎంత మోయవచ్చన్నాడో విడిగా చూడండి. రెంటిలో తక్కువదే మీ పరిమితి.

పడక సామాను మొత్తానికి ఎక్కువమందికి మిగిలేది 15 నుంచి 20 లీటర్లు. బరువు ఎంతని అందరూ అడుగుతారు. సైకిల్ మీద అసలు ఇబ్బంది పెట్టేది పరిమాణం.

3. మ్యాట్: బ్యాగ్ కన్నా ముందు ఇదే

పడుకున్నప్పుడు మీ బరువుకు వీపు కింద బ్యాగ్ నలిగి అట్టలా అవుతుంది. వెచ్చదనమంటే లోపల కదలకుండా నిలిచిన గాలే. నలిగిన చోట ఆ గాలి ఉండదు. ఆ చోట నేలకూ మీకూ మధ్య మిగిలేది మ్యాట్ ఒక్కటే. మైనస్ 10 బ్యాగ్ కొని, పల్చటి మ్యాట్ మీద పడుకుని, బ్యాగ్ బాగాలేదని తిట్టేవాళ్లకు కొదవ లేదు.

మ్యాట్ వేడిని ఎంత అడ్డుకుంటుందో చెప్పేది ఆర్ విలువ. ఏఎస్‌టీఎం ఎఫ్3340 ప్రమాణం ప్రకారం కొలిచిన అంకె అయితేనే ఒక కంపెనీ మ్యాట్‌ను ఇంకో కంపెనీ మ్యాట్‌తో పోల్చవచ్చు. మీ అంకెను బట్టి:

- 10 డిగ్రీల పైన: ఆర్ 2 చాలు
- 0 నుంచి 10: ఆర్ 3 నుంచి 4
- 0 నుంచి మైనస్ 7: ఆర్ 4.5 నుంచి 5
- అంతకన్నా చలి, లేదా మంచు మీద పడక: ఆర్ 5.5 పైన

రెండు మ్యాట్లు ఒకదాని మీద ఒకటి వేస్తే విలువలు కలుస్తాయి. ఆర్ 2 ఫోమ్ మీద ఆర్ 3 గాలి మ్యాట్ వేస్తే ఆర్ 5. ఫోమ్ కింద ఉంటే ముళ్ల నుంచి గాలి మ్యాట్‌కు కాపుదల కూడా.

ఇక రకాలు. మడతపెట్టే ఫోమ్ మ్యాట్ బరువు 400 గ్రాముల దగ్గర, ఆర్ 2 ప్రాంతం; చిల్లు పడితే భయం లేదు. కానీ మడిచినా 50 సెంటీమీటర్ల పొడవుండే మూట అది. హ్యాండిల్ మీద ఇమడదు, బయట కట్టాలి. లోపల ఉష్ణరోధక పొరలున్న గాలి మ్యాట్ దాదాపు అంతే బరువుకు ఆర్ 4 పైగా ఇస్తుంది, చుడితే నీళ్ల సీసా అంత. కొండల్లో సైకిల్ యాత్రకు మా ఓటు దీనికే. లోపల ఏ పొరా లేని ఉత్త గాలి మ్యాట్ మాత్రం వద్దు: లోపలి గాలి తిరుగుతూ ఒంటి వేడిని నేలకు చేరవేస్తుంది. ఎంత మందంగా, మెత్తగా ఉన్నా దాని ఆర్ విలువ 1 దగ్గరే.

పక్కకు తిరిగి పడుకునేవాళ్లకు మందం 7 సెంటీమీటర్లు లేకపోతే తుంటి నేలకు తగులుతుంది. మామూలు వెడల్పు 51 సెంటీమీటర్లు. భుజాలు విశాలమైతే 63, 64 సెంటీమీటర్లది తీసుకోండి. బరువు తగ్గించాలనుకుంటే పొడవు తగ్గించండి: 120 సెంటీమీటర్ల మ్యాట్ వేసుకుని కాళ్ల కింద ఖాళీ శాడిల్ బ్యాగ్ పరుచుకోవచ్చు. 5 డిగ్రీల కన్నా చలి ఉంటే ఈ పొదుపు పనికిరాదు.

మ్యాట్‌తో వచ్చే మరమ్మతు ప్యాచ్‌లు ఇంట్లో వదిలేసి, సైకిల్ ట్యూబు ప్యాచ్‌లు ఉన్నాయి కదా అనుకోవద్దు. ట్యూబు ద్రావణం రబ్బరుకు పట్టేది. పూత పూసిన నైలాన్ బట్టకు నిలవదు.

4. స్లీపింగ్ బ్యాగ్

లేబుల్ మీద ఐఎస్ఓ 23537 అని (పాతవాటి మీద ఈఎన్ 13537 అని) ఉంటే మూడు అంకెలు కనిపిస్తాయి. కంఫర్ట్ అంటే సగటు స్త్రీ ఒళ్లు చాచి హాయిగా పడుకోగలిగే ఉష్ణోగ్రత. లిమిట్ అంటే సగటు పురుషుడు ముడుచుకుని పడుకుని వణక్కుండా నెట్టుకురాగలిగేది. ఎక్స్‌ట్రీమ్ ప్రాణం నిలబెట్టుకునే హద్దు. నిద్ర ఊసు అందులో లేదు. ప్రకటనల్లో పెద్ద అక్షరాలతో వేసేది చాలాసార్లు లిమిట్.

మగవాళ్లైనా ఆడవాళ్లైనా కంఫర్ట్ అంకెనే మీ చలి అంకెతో సరిచూడండి. మీ అంకె మైనస్ 3 అయితే కంఫర్ట్ మైనస్ 3 కావాలి. చలి అంతగా తెలియని ఒళ్లు మీదైతే, అదీ కొన్ని రాత్రులు బయట పడుకుని తెలుసుకున్నాకే, 2, 3 డిగ్రీలు సర్దుకోండి. ఈ అంకెలు ఒంటి మీద పల్చటి పూర్తి చేతుల చొక్కా, ప్యాంటు ఉండి, కింద మంచి మ్యాట్ ఉంటేనే నిజం.

లోపలి దినుసు రెండు రకాలు. డౌన్ అంటే బాతుల, హంసబాతుల ఈకల అడుగున ఉండే నూగు: తేలిక, బాగా అణుగుతుంది, కానీ తడిస్తే ముద్దయి వెచ్చదనం పోతుంది. సింథటిక్ పీచు చెమ్మ పట్టినా కొంత వెచ్చగానే ఉంచుతుంది, ధర తక్కువ. కంఫర్ట్ 0 డిగ్రీల డౌన్ బ్యాగ్ 6 నుంచి 8 లీటర్లలో ఇమిడితే, అదే వెచ్చదనపు సింథటిక్ బ్యాగ్ దానికి దాదాపు రెండింతల చోటు అడుగుతుంది. మీ హ్యాండిల్ రోల్ ఒక్క సింథటిక్ బ్యాగ్‌తోనే నిండిపోవచ్చు. రోజూ వాన కురిసే కాలంలో వారం పైబడిన యాత్ర అయితే తప్ప డౌనే మేలు.

రెండు డౌన్ బ్యాగులు పోల్చడానికి ఒక చిట్కా: ఫిల్ పవర్‌ను (నూగు ఎంత ఉబ్బుతుందో చెప్పే అంకె) నూగు గ్రాములతో గుణించండి. 800 ఫిల్ పవర్ 300 గ్రాములైనా, 600 ఫిల్ పవర్ 400 గ్రాములైనా వచ్చేది 2,40,000. ఉబ్బు సమానమే, మొదటిది 100 గ్రాములు తేలిక, ధర ఎక్కువ. "800 ఫిల్" అని మాత్రమే రాసి నూగు ఎన్ని గ్రాములో చెప్పని బ్యాగ్ జోలికి పోవద్దు.

వేసుకుని చూడకుండా కొనకండి. చూడాల్సినవి:

- జిప్పు పూర్తిగా వేసి మోకాళ్లు ముడవండి. బట్ట బిగిసిందంటే అక్కడ నూగు నలిగినట్టే, అక్కడే చలి కొరుకుతుంది.
- కాళ్ల దగ్గర జానెడు కన్నా ఎక్కువ ఖాళీ ఉంటే పొడవు ఎక్కువ. ఆ ఖాళీ గాలిని రాత్రంతా మీ పాదాలే వేడిచేయాలి.
- జిప్పు వెంట లోపల మెత్తటి గొట్టంలాంటి పట్టీ ఉండాలి. 0 కన్నా కిందికి వెళ్లేవాళ్లకు మెడ చుట్టూ కూడా.
- చీకట్లో ఒక్క చేత్తో జిప్పు తీయగలగాలి.

క్విల్ట్ అనేది వీపు భాగం లేని బ్యాగ్. నలిగిపోయే భాగాన్నే తీసేశారు కాబట్టి 150, 200 గ్రాములు, ఒకటి రెండు లీటర్లు మిగులుతాయి. దొర్లుతూ పడుకునేవాళ్లకు అంచుల్లోంచి చల్లగాలి దూరుతుంది. మ్యాట్‌కు కట్టే పట్టీలు ఉండి తీరాలి, తలకు విడిగా మందపాటి టోపీ కావాలి. 0 డిగ్రీల పైన క్విల్ట్ హాయి. మొదటిసారి వెళ్లేవాళ్లు అంతకన్నా కిందికైతే మూతి బిగించే మమ్మీ బ్యాగే తీసుకోండి.

బ్యాగ్ లోపల వేసుకునే పట్టు లైనర్ చన్నీళ్లకు వేణ్ణీళ్లు తోడు లాంటిది. 130 గ్రాములకు ఒకటి రెండు డిగ్రీలు కలుపుతుంది, బ్యాగ్ మాయకుండా కాపాడుతుంది. ప్యాకెట్ మీద రాసిన పెద్ద పెద్ద అంకెలు నమ్మి పల్చటి బ్యాగ్ కొనకండి.

5. పైకప్పు: టెంటు, టార్ప్, బివీ

చెట్లు లేని ఎత్తుల్లో, గాలి దిక్కు మార్చుకునే చోట, ఒక మనిషి పట్టే రెండు పొరల టెంటుతో తలనొప్పి తక్కువ. బరువు 1 నుంచి 1.5 కిలోలు. కొనేముందు మూడు సంగతులు చూడండి.

మడిచిన పోల్ పొడవు మొదటిది. మామూలు టెంటు పోల్స్ మడిస్తే 40 నుంచి 50 సెంటీమీటర్లు. డ్రాప్ హ్యాండిల్ మధ్య పట్టవు. సైకిల్ వాళ్ల కోసం 30 సెంటీమీటర్ల చుట్టుపక్కల ముక్కలతో చేసినవి ఉన్నాయి. లేదంటే పోల్స్ విడిగా ఫ్రేమ్ గొట్టానికి కట్టాలి.

రెండోది లోపలి పొర. మొత్తం దోమతెరే అయితే కొండగాలి కింద నుంచి దూరి ముఖాన కొడుతుంది. సగం వరకు గట్టి బట్ట ఉన్నది మేలు.

మూడోది నిలబెట్టే తీరు. ట్రెక్కింగ్ కర్రల మీద నిలిచే టెంట్లు తూకంలో ఊరిస్తాయి. మీ దగ్గర కర్రలు ఉండవు కదా! మడత కర్ర విడిగా కొని, దాని బరువూ కలిపి పోల్చండి. మేకులు దిగని రాతి నేల ఎదురవుతుందనుకుంటే, తనంతట తాను నిలిచే టెంటే ఎంచుకోండి.

టార్ప్ అంటే తాళ్లతో కట్టుకునే నీరు చొరని పట్టా; 2.5 మీటర్లకు 3 మీటర్లది ఒక మనిషికి, సైకిల్ ఆసరాగా కట్టుకోవడానికి సరిపోతుంది. ముడులు వచ్చినవాళ్లకే అది. బివీ అంటే స్లీపింగ్ బ్యాగ్ మీద తొడిగే సంచి; ఎక్కడైనా పరుచుకోవచ్చు కానీ లోపల చెమ్మ చేరుతుంది, వానలో బట్టలు మార్చుకోవడం నరకం. హ్యామక్‌కు (వేలాడే ఊయల పడక) చెట్లు కావాలి, వీపు కింద వేలాడే ఇంకో క్విల్ట్ కావాలి. అడవి గీత దాటితే రెండు చెట్లూ దొరకవు.

6. చిన్న సామాను

తలగడగా గాలి దిండు 80 గ్రాములు, లేదా బట్టల సంచి. పడుకునే బట్టలు మాత్రం విడిగా ఉండాల్సిందే: పొడి చొక్కా, పొడి ప్యాంటు, ఉన్ని మేజోళ్లు, టోపీ. వీటితో సైకిల్ తొక్కకూడదు, ఎంత చలేసినా సరే. చెమట పట్టిన ప్యాడ్ షార్ట్స్‌తో పడుకుంటే చలీ తప్పదు, ఒరిపిడి పుండూ తప్పదు.

7. సైకిల్‌కు కట్టే వరస

1) బ్యాగ్, పడుకునే బట్టలు కలిపి గట్టి ప్లాస్టిక్ సంచిలో వేసి, మూతి మెలిపెట్టి, ఆ మూటను నీరు చొరని రోల్‌లోకి తోయండి. రెండు కాపుదలలు ఉండాలి. రోల్‌కు చిన్న చిరుగు పడ్డా నూగు తడవదు.
2) రోల్ రెండు పక్కలా సమానంగా నింపండి. ఒకవైపు బరువైతే హ్యాండిల్ అటే లాగుతుంది.
3) మ్యాట్, మరమ్మతు ప్యాచ్‌లు రోల్ చివర్లో, లేదా ఫోర్కు చట్రంలో.
4) టెంటు బట్టను పోల్స్ నుంచి విడదీయండి. పోల్స్, మేకులు ఫ్రేమ్ దగ్గర కిందికి. బట్ట శాడిల్ బ్యాగ్‌లోకి. తడిసిన పై పొర ఎప్పుడూ బయట పట్టీ కిందే, బ్యాగ్‌తో ఒకే మూటలో కాదు.
5) శాడిల్ బ్యాగ్‌లో గట్టి, బరువైన వస్తువులు సీటు గొట్టం వైపు, మెత్తనివి తోక వైపు. తిరగేస్తే తొక్కుతున్నంతసేపూ ఊగుతుంది.
6) కేబుళ్లు, బ్రేకు గొట్టాలు రోల్ కింద నలగలేదని హ్యాండిల్‌ను రెండు పక్కలకూ పూర్తిగా తిప్పి చూడండి. పట్టీ రాసుకునే చోట ఫ్రేమ్‌కు టేపు వేయండి.

8. ఇంటి దగ్గర ఒక రాత్రి

పెరట్లోనో మేడ మీదో నిజంగా నిద్రపోయి చూడండి. మ్యాట్‌ను ముందురోజే ఊది, పైన బరువు పెట్టి రాత్రంతా వదిలేస్తే సన్న చిల్లులు బయటపడతాయి. టెంటు తలదీపం వెలుగులో, చేతి తొడుగులతో ఒకసారి కట్టండి. తర్వాత మొత్తం సామానుతో గుంతల దారిలో 20 కిలోమీటర్లు తొక్కి, ఏ పట్టీ వదులైందో చూసుకోండి.

9. విడిది చేరాక చేసే పనులు, వరుసగా

- వెలుతురు ఉండగానే చోటు చూడండి: లోయ అడుగు కాదు, శిఖరపు గట్టు కాదు, ఎండిన వాగు కాదు, ఎండుకొమ్మల కింద కాదు, ఒంటరి చెట్టు కింద అసలు కాదు. నీటికి 60 మీటర్ల దూరం.
- మొదట తడి బట్టలు విప్పి పొడివి వేసుకోండి. చెమట ఆరకముందే వణుకు మొదలైతే ఆ చలి తెల్లవార్లూ వదలదు.
- టెంటు నిలబడగానే మ్యాట్ ఊదండి, నోటితో కాకుండా ఊదే సంచితో. ఊపిరి తేమ లోపల చేరి గడ్డకడుతుంది.
- వెంటనే బ్యాగ్ తీసి దులిపి పరవండి. అణిగిన నూగు ఉబ్బడానికి అరగంటైనా కావాలి. పడుకునే క్షణాన తీసేవాళ్లు మొదటి గంట చలిలో గడుపుతారు.
- పడుకునే ముందు మ్యాట్‌కు మళ్లీ గాలి సరిచేయండి. సాయంత్రం ఊదిన గాలి చల్లబడి కుంచించుకుంటుంది, అది చిల్లు కాదు.
- టెంటు పై కిటికీ తెరిచే ఉంచండి. మూసేస్తే వెచ్చదనం పెరగదు, ఊపిరి ఆవిరి నీటిచుక్కలై బ్యాగ్ మీద రాలుతుంది.
- గడ్డకట్టే చలి ఉంటే నీటి ఫిల్టర్, ఫోన్, బ్యాటరీలు బ్యాగ్ లోపలికి. సన్నగొట్టాల ఫిల్టర్ ఒకసారి గడ్డకడితే లోపలి పీచు చిట్లుతుంది; పైకి ఏమీ తెలియదు, ఇక దాన్ని నమ్మి తాగకూడదు.

10. అర్ధరాత్రి చలితో మెలకువ వస్తే

వీపు చల్లగా ఉంటే లోపం మ్యాట్‌ది. మిగిలిన బట్టలు, ఖాళీ సంచులు, రెయిన్ కోటు మ్యాట్ కిందికి తోయండి. పైన ఇంకో కోటు కప్పుకుంటే ఈ చలి పోదు.

ఛాతీ, భుజాలు చల్లగా ఉంటే మెడ దగ్గర సందు ఉంది. తాడు బిగించండి, కోటును మెడ చుట్టూ కుక్కండి. ముక్కు మాత్రం బయటే ఉండాలి. బ్యాగ్‌లోకి ఊపిరి వదిలితే తెల్లారేసరికి నూగు చెమ్మగిల్లుతుంది.

పాదాలు చల్లగా ఉంటే వేడినీళ్ల సీసా మందు. గట్టి ప్లాస్టిక్ సీసాలో నీళ్లు పోసి, మూత బిగించి, తలకిందులు చేసి కారడం లేదని చూసి, మేజోడు తొడిగి తొడల మధ్య పెట్టుకోండి. సైకిల్ మెత్తటి సీసాలు దీనికి పనికిరావు, వేడికి మూత వదులవుతుంది. టెంటు లోపల స్టవ్ వెలిగించవద్దు, నిప్పుతో పాటు కార్బన్ మోనాక్సైడ్ ప్రమాదం కూడా.

ఒళ్లంతా చల్లగా ఉంటే లేచి మూత్రానికి వెళ్లి రండి, గుప్పెడు గింజలో చాక్లెట్టో తినండి, బ్యాగ్‌లోనే కడుపు కండరాలు బిగించి వదులుతూ కొన్ని నిమిషాలు కదలండి. చెమట పట్టేదాకా వద్దు.

వణుకు ఆగకుండా మాట తడబడుతుంటే అది మామూలు చలి కాదు, హైపోథెర్మియా: ఒంటి వేడి ప్రమాదకరంగా పడిపోవడం. వెంటనే పక్కవాళ్లను లేపండి, పొడి బట్టలు, వేడి సీసాలు, పైన దొరికిన ప్రతి పొరా వేయండి, సహాయానికి కబురు పంపండి.

11. తెల్లారాక, ఇల్లు చేరాక

ఉదయం బ్యాగ్ లోపలి వేడి గాలిని పిండేసి, తిరగేసి ఎండ తగిలేలా సైకిల్ మీద ఆరేయండి. అప్పటికి ఎండ రాకపోతే మధ్యాహ్నం భోజనానికి ఆగినప్పుడు ఆ పని తప్పకుండా చేయండి. రోజూ కాస్త కాస్త చేరే చెమ్మే నాలుగో రాత్రికి నూగును ఉండలు కట్టిస్తుంది.

ఇంటికొచ్చాక బ్యాగ్‌ను అణిచే సంచిలో వదిలేయకండి. పెద్ద గుడ్డసంచిలో వదులుగా వేసి బీరువాలో వేలాడదీయండి. మ్యాట్‌ను వాల్వు తెరిచి పరుపు కిందో మంచం కిందో పరిచి ఉంచండి. డౌన్ ఉతకాల్సి వస్తే దానికని చేసిన సబ్బుతోనే. డ్రయ్యర్‌లో తక్కువ వేడి మీద రెండు మూడు టెన్నిస్ బంతులు వేసి, ఉండలన్నీ విడిపోయేదాకా ఆరబెట్టండి. దానికి మూడు నాలుగు గంటలు పడుతుంది. పైబట్ట ఆరింది కదా అని మధ్యలో తీసేస్తే లోపలి చెమ్మకు నూగు ముక్కవాసన వేస్తుంది.